'సరే మేడమ్' అన్నారంటే ఒప్పుకున్నట్టేనా? – ట్రామా క్లయింట్లతో పనిచేసే థెరపిస్టుల కోసం

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం వేరుగా ఉంటుంది. మామూలుగా ఇక్కడ మనం ఇంట్లో వాళ్ళ కోసం, తల్లిదండ్రుల కోసం మాట్లాడుకుంటాం. ఈసారి కౌన్సెలర్లు, సైకాలజిస్టులుగా పనిచేస్తున్నవాళ్ళ కోసం, ఆ కోర్సులు చదువుతున్న పిల్లల కోసం మాట్లాడతాను. మిగతావాళ్ళు కూడా వినొచ్చు, రహస్యం ఏమీ లేదు. పైగా మీరు ఎప్పుడైనా థెరపిస్టు దగ్గరికి వెళ్తే అక్కడ మీకు ఏ మర్యాద దక్కాలో తెలుస్తుంది. దారుణమైన సంఘటనల వివరాలు ఈ ఎపిసోడ్‌లో చెప్పను. అయినా వింటుంటే ఇబ్బందిగా అనిపిస్తే ఆపేయండి, తర్వాత వినండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మొన్న ఒక వర్క్‌షాప్‌లో ఎంఎస్సీ సైకాలజీ పూర్తిచేసి ఏడాది అయిన ఒక అమ్మాయి నన్ను అడిగింది. "మేడమ్, క్లయింట్‌కి ట్రామా ఉందని తెలుస్తోంది. ఏం జరిగిందో ఎప్పుడు అడగాలి? మొదటి సెషన్‌లోనా, మూడో సెషన్‌లోనా?" అని. మంచి ప్రశ్న. నేను ఆ వయసులో ఈ ప్రశ్న అడగలేదు. అడక్కపోవడం వల్ల ఏం జరిగిందో చెప్తాను.

ట్రామా అనే మాట గురించి ముందు ఒక్క నిమిషం. మన దగ్గర ట్రామా అంటే హైవే పక్కన ఆసుపత్రి మీద ఉండే బోర్డు. ట్రామా కేర్ సెంటర్, అంటే యాక్సిడెంట్ కేసులు చూసే చోటు. ఒక క్లయింట్ వాళ్ళ నాన్నగారితో "మీ అబ్బాయికి ట్రామా ఉంది" అంటే ఆయన కంగారుపడి "ఎక్కడ దెబ్బ తగిలింది మేడమ్, స్కానింగ్ తియ్యాలా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆ మాటకి మొదటి అర్థం గాయమే. మనం మాట్లాడుకునేది మనసుకి తగిలిన గాయం. ప్రాణం పోతుందనో, మానం పోతుందనో అనిపించిన సంఘటన అయిపోయినా శరీరం మాత్రం అది ఇంకా అయిపోలేదన్నట్టు ఉండిపోవడం. ఈ స్థితికి పీటీఎస్‌డీ అనే పేరుతో అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో చోటు దొరికింది 1980లోనే. మన ఊళ్ళల్లో అంతకుముందు నుంచే దానికి పేర్లున్నాయి. దడుపు జ్వరం అంటారు, గాలి సోకింది అంటారు. తాయెత్తు కట్టిస్తారు, దర్గాలో ఊదిస్తారు. మీ దగ్గరికి వచ్చే క్లయింట్లలో చాలామంది ముందు అవన్నీ అయ్యాకే వస్తారు. నవ్వకండి, తాయెత్తు తీసేయమని అస్సలు అనకండి. ఆ మనిషి పక్కన ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒకటి చేశారు అనేదానికి గుర్తు అది.

ఇక నా తప్పు సంగతి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడాది. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి చెప్తున్నాను. ముప్పై దాటిన ఒకావిడ వచ్చారు. హైవే మీద కారు ప్రమాదం. డ్రైవ్ చేస్తున్న తమ్ముడు అక్కడికక్కడే పోయాడు, పక్క సీట్లో ఉన్న ఈవిడ చిన్న గాయాలతో బయటపడ్డారు. నాలుగు నెలలైంది. నిద్ర లేదు, కారెక్కడం లేదు. నేను పుస్తకాలు బాగా చదివి ఉన్నాను కదా, మనసులో ఉన్నది బయటికి చెప్పేస్తే బరువు దిగుతుందని గట్టి నమ్మకం. "ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్తారా?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం తలుపు వైపు చూశారు. తర్వాత "సరే మేడమ్" అన్నారు.

గంటా పది నిమిషాలు చెప్పారు. ఒక్క కన్నీటి చుక్క లేదు. గొంతు చదునుగా, వార్తలు చదివినట్టు ఉంది. చేతులు రెండూ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ మీద బిగుసుకుని ఉన్నాయి. నేనేమో మంచి సెషన్ జరిగిందని నోట్స్ రాసుకున్నాను. 'క్లయింట్ చక్కగా సహకరించారు' అని రాశాను కూడా, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగు రోజుల తర్వాత వాళ్ళాయన ఫోన్ చేశారు. "మేడమ్, మీ దగ్గర్నుంచి వచ్చాక మూడు రాత్రులు కూర్చునే ఉంది. కుక్కర్ విజిల్ వస్తే వణికిపోతోంది. వంటింట్లోకి వెళ్ళట్లేదు. మీరేం అడిగారు?" అన్నారు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఇంకెక్కడైనా చూపించుకున్నారో లేదో కూడా నాకు తెలీదు. "మీరేం అడిగారు?" అన్న ఆ ప్రశ్న మాత్రం మర్చిపోలేదు.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. చెప్పించేస్తే బరువు దిగుతుంది అన్న నమ్మకాన్ని అప్పటికే పరీక్షించి చూశారు. ప్రమాదం జరిగిన కొన్ని రోజుల్లోనే బాధితుల్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పించే పద్ధతి ఒకటి 1980లలో బాగా వ్యాపించింది. డీబ్రీఫింగ్ అంటారు. బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధన 1997లో వచ్చింది. 13 నెలల తర్వాత చూస్తే, డీబ్రీఫింగ్ చేసినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, చెయ్యనివాళ్ళలో 9 శాతం మందికి. న్యాయంగా చెప్పాలంటే, డీబ్రీఫింగ్ గుంపులో ఉన్నవాళ్ళ గాయాలు మొదట్నుంచీ కాస్త తీవ్రమైనవే, కాబట్టి తేడా అంతా దానివల్లే అనలేం. కానీ మేలు మాత్రం కనబడలేదు. తర్వాత 2002లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా, బాధితులకి ఇలా తప్పనిసరిగా డీబ్రీఫింగ్ చేయించడం ఆపేయాలనే తేల్చింది. ప్రమాదమో విపత్తో జరిగిన తొలి రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు. 2011లో వాళ్ళు ఇచ్చిన ప్రథమ చికిత్స పుస్తకంలో ఉన్న పనులు మూడే: పరిస్థితి చూడు, చెప్తే విను, కావలసిన సాయంతో కలుపు. చెప్తే విను అన్నారు, చెప్పించు అనలేదు.

నా క్లయింట్ విషయంలో నాలుగు నెలలు గడిచాయి కాబట్టి అది డీబ్రీఫింగ్ కిందికి రాదు. నా తప్పు వేరే చోట ఉంది. ఆవిడ తలుపు వైపు చూడటాన్ని నేను చూసీ చూడనట్టు వదిలేశాను. "సరే మేడమ్" అనే మాటని ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను.

ఇది మన దగ్గర చాలా పెద్ద విషయం. విదేశాల్లో రాసిన పుస్తకాల్లో క్లయింట్ ఒప్పుకోలు తీసుకోండి అని ఒక పేరా ఉంటుంది, సంతకం పెట్టించే ఫారం ఉంటుంది. మన దగ్గర డాక్టరు కానీ, మేడమ్ కానీ, సార్ కానీ ఏదైనా అడిగితే కాదనడం మర్యాద కాదు. టేబుల్‌కి అటుపక్క కూర్చున్న మనిషి చదువుకున్న మనిషి, ఫీజు తీసుకున్న మనిషి. "మీరు ఎలా చెప్తే అలా మేడమ్" అంటారు. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతారు. ట్రామా అంటేనే ఏంటి? తన ఇష్టం ఏమాత్రం చెల్లని చోట తన మీద ఏదో జరిగిపోవడం. అలాంటి మనిషి నా గదిలోకి వచ్చి, ఇష్టం లేకపోయినా, మర్యాద కోసం, నేనడిగానని తన కథంతా చెప్పారంటే నేను చేసింది ఏంటి? అదే పరిస్థితిని కుర్చీలూ ఏసీ పెట్టి మళ్ళీ ఏర్పాటు చేశాను.

అందుకే ఆ అమ్మాయికి నేనిచ్చిన జవాబు ఇది. ఎన్నో సెషన్‌లో అడగాలి అని లెక్క పెట్టుకోకు. నీ క్లయింట్ నీకు ఒక్కసారైనా "వద్దు" అని చెప్పాడా? చెప్పేదాకా ఆగు. నీకు వద్దు అని చెప్పలేని మనిషి అన్న 'సరే'కి విలువ లేదు.

మరి వద్దు అనడం ఎలా వస్తుంది? చిన్న విషయాల నుంచి. నా గదిలో ఇప్పుడు మూడు కుర్చీలున్నాయి, ఒకటి తలుపు పక్కనే. ఎక్కడ కూర్చుంటారో వాళ్ళనే ఎంచుకోమంటాను. "తలుపు వెయ్యనా, ఓరగా ఉంచనా?" "ఫ్యాన్ తగ్గించమంటారా?" "నేను రాసుకుంటుంటే ఇబ్బందా?" ఇవి మర్యాద ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ ప్రతిదానిలోనూ నేను రెండు దారులు పెడుతున్నాను, వాళ్ళు ఎంచుకుంటున్నారు, నేను వాళ్ళు చెప్పినట్టు చేస్తున్నాను. "మీ ఇష్టం మేడమ్" అని వస్తుంది మొదట. "నాకు రెండూ ఒకటేనండీ, మీకు ఏది హాయిగా ఉంటుంది?" అని ఓపిగ్గా మళ్ళీ అడుగుతాను.

ఇంకోటి. టేబుల్ మీద ఒక పెన్ను పెడతాను. "మీకు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఈ పెన్నుని అటు జరపండి, కారణం చెప్పక్కర్లేదు" అంటాను. చెప్పి వదిలెయ్యను, అప్పుడే ప్రాక్టీసు చేయిస్తాను. నేను ఏదో మామూలు సంగతి మొదలుపెడతాను, గోంగూర పచ్చడి ఎలా చేస్తానో, మా వీధిలో కుక్కల గొడవో. మధ్యలో ఎక్కడైనా నన్ను ఆపమంటాను. దాదాపు అందరూ మొదటిసారి పెన్ను జరిపి వెంటనే "సారీ మేడమ్" అంటారు. మూడోసారికి నవ్వుతారు. ఒక పెద్దాయన అయితే నేను పచ్చడిలో ఆవాలు వేసేలోపే ఆపేసి, "మీరు చేసేది తప్పు పద్ధతి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనతో పని సాఫీగా సాగింది.

చేయి ఎత్తండి, నోటితో చెప్పండి అనకుండా పెన్ను ఎందుకంటే, బిగుసుకుపోయినప్పుడు మాట రాదు. ఇది మీరందరూ తప్పకుండా తెలుసుకోవాలి. ప్రమాదంలో శరీరం పోరాడటమో పారిపోవడమో చేస్తుందని అందరికీ తెలుసు. మూడోది బిగుసుకుపోవడం. కాళ్ళూ చేతులూ చల్లబడిపోయి, గొంతు పెగలకుండా, బొమ్మలా అయిపోవడం. అది ఎంచుకుని చేసేది కాదు. అందుకే "ఎందుకు అరవలేదు?", "ఎందుకు పారిపోలేదు?" అనే ప్రశ్నలు మన నోటి నుంచి రాకూడదు. ఊళ్ళో వాళ్ళు అడిగారు, పోలీసు స్టేషన్‌లో అడిగారు, అత్తగారు అడిగారు, వాళ్ళకి వాళ్ళే రోజూ రాత్రి అడుగుకుంటున్నారు. మీరు ఆసక్తితోనే అడగొచ్చు, కానీ వాళ్ళకి అది తీర్పులాగే వినబడుతుంది. నేను 'ఎందుకు' అనే మాటనే సెషన్‌లోంచి తీసేశాను. "అప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతాను.

మన క్లయింట్లు భావాల పేర్లు తక్కువ చెప్తారు, ఒంటి సంగతులు ఎక్కువ చెప్తారు. గుండె దడ, నరాలు లాగేస్తున్నాయి, తల దిమ్ముగా ఉంది, కడుపులో దేవినట్టుంది, ఒళ్ళంతా మంటలు. కొంతమంది థెరపిస్టులు "అది సరే, మీకు ఏమనిపిస్తోంది?" అని భావం వైపు లాగాలని చూస్తారు. లాగక్కర్లేదు. ట్రామా ఉండేది ఒంట్లోనే కాబట్టి ఆ మాటలు మనకి చక్కటి దారి. దడ ఎప్పుడు మొదలవుతుంది, ఏ వాసనకి, ఏ చప్పుడుకి, ఏ వేళప్పుడు, అని ఆ వెంటే వెళ్తే చాలు.

మొదటి రెండు మూడు సెషన్లలో నేను ఏం తెలుసుకుంటానో చెప్తాను. సంఘటన గురించి ఒక్క వాక్యం చాలు, పేపర్లో హెడ్డింగ్ లాగా. "వివరాలు ఇప్పుడు వద్దు, పేరు పెట్టినట్టు ఒక్క మాటలో చెప్పండి చాలు" అంటాను. చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోతున్నారనుకోండి, అది కూడా జరుగుతుంది, నెమ్మదిగా నేనే ఆపుతాను. "ఇది చాలా ముఖ్యమైన విషయం, దీన్ని హడావిడిగా వినాలని లేదు నాకు. దీని కోసం మనం టైమ్ పెట్టుకుందాం" అంటాను. ఆపితే నొచ్చుకుంటారేమోనని భయం వద్దు, ఇలా చెప్తే ఎవరూ నొచ్చుకోలేదు ఇప్పటిదాకా.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అది అయిపోయిందా, ఇంకా జరుగుతోందా? కొట్టే భర్త ఇవాళ సాయంత్రం కూడా ఇంట్లోనే ఉంటాడంటే, ఆ భయం గతం తాలూకు జబ్బు కాదు, ఇవాళ్టి ప్రమాదాన్ని సరిగ్గా పసిగడుతున్న బుద్ధి. అప్పుడు మన మొదటి పని జ్ఞాపకాల గురించి కాదు. ఎక్కడికి వెళ్ళగలరు, ఎవరున్నారు, 181 హెల్ప్‌లైన్ తెలుసా, ముఖ్యమైన కాగితాలు ఎక్కడున్నాయి, ఇవి. తర్వాత చావు ఆలోచనల గురించి సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. తాగుడు గురించి, నిద్రమాత్రల గురించి అడగండి. నిద్రమాత్రలంటే గుర్తొచ్చింది. సంఘటన జరిగిన మొదటి నెలలో ఆ ఆందోళన లక్షణాలకి బెంజోడయాజెపీన్లు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మనం మందులు రాయం, కానీ వాడుతుంటే మాత్రం వాటిని హఠాత్తుగా మానేయమని మనం చెప్పకూడదు. రాసిన డాక్టరుగారితో మాట్లాడించండి.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని మీకు తెలిస్తే, పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి తెలపాలి. థెరపిస్టుకి మినహాయింపు లేదు. తెలపకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది ఎందుకు చెప్తున్నానంటే, గోప్యతకి ఉన్న హద్దులు మొదటి సెషన్‌లో, ఏమీ చెప్పక ముందే క్లయింట్‌కి తెలియాలి. "ఏదైనా చెప్పండి, ఈ నాలుగు గోడలు దాటదు" అని సినిమా డైలాగు కొట్టి, చెప్పాక "ఇది నేను రిపోర్ట్ చెయ్యాలి" అంటే అది ఇంకో ద్రోహం.

గోడలంటే, గోడ అవతల హాల్లో కూర్చున్నవాళ్ళ సంగతి కూడా చూడాలి. మన దగ్గర క్లయింట్ ఒంటరిగా రారు. భర్తో, అన్నయ్యో, అత్తగారో వస్తారు. సెషన్ అవ్వగానే "ఏం చెప్పింది మేడమ్?" అని అడుగుతారు, వాళ్ళది చాలాసార్లు నిజమైన ఆదుర్దానే. కోప్పడకండి. నేను మొదటి రోజే అందరినీ కలిపి కూర్చోబెట్టి, "లోపల మాట్లాడింది నేను మీకు చెప్పలేను. మీరేం చేస్తే సాయంగా ఉంటుందో మాత్రం తను సరే అంటే చెప్తాను" అంటాను. "జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపో" అనే మాట ఇంట్లో ఒక నెల పాటు ఎవరూ అనకూడదని కూడా చెప్తాను. అది ప్రేమతోనే అంటారు. కానీ మర్చిపోవడం చేతిలో ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాళ్ళు.

ఇంకో చిన్న విషయం, వరసలు. క్లయింట్లు మనల్ని అక్కా, అమ్మా అని పిలుస్తారు. వద్దని మొహం మీద చెప్పను. కానీ నేను వాళ్ళని పేరుకి గారు చేర్చి, మీరు అనే పిలుస్తాను, పద్దెనిమిదేళ్ళ పిల్లనైనా సరే. అక్క వరస వస్తే బాధ్యత కూడా వస్తుంది. 'అక్క బాధపడుతుంది' అని అసలు విషయం దాచేస్తారు. వినడం వల్ల నేను కూలిపోను అని వాళ్ళకి తెలియాలి.

సెషన్ మధ్యలో క్లయింట్ జారిపోవడం అంటే ఏంటో చెప్తాను. డాన్ సీగెల్ అనే సైకియాట్రిస్టు 1999లో ఒక పోలిక తెచ్చాడు, మనిషి తట్టుకోగలిగిన హద్దుల్ని ఒక కిటికీలా ఊహించుకోమని. కిటికీ పైకి పోతే దడ, చెమటలు, ఊపిరి అందకపోవడం. ఇది ఎవరైనా గమనిస్తారు. కిటికీ కిందికి పోవడమే మనం గమనించం. చూపు ఎక్కడో నిలిచిపోతుంది, గొంతు చదును అవుతుంది, జవాబు ఆలస్యంగా వస్తుంది, చేతులు చల్లబడతాయి. పైనుంచి చూస్తే ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. నా మొదటి క్లయింట్ గంటా పది నిమిషాలు ఉన్నది అక్కడే. నేను సహకారం అనుకున్నాను.

అలా జారినప్పుడు కథ ఆపి, మనిషిని గదిలోకి తీసుకురావాలి. పేరు పెట్టి పిలవండి. పాదాలు నేలకి ఆనించి నొక్కమనండి. చల్లటి నీళ్ళ గ్లాసు చేతికివ్వండి. గదిలో నీలం రంగులో ఉన్నవి ఏమేం ఉన్నాయో చెప్పమనండి. నాకు బాగా పనిచేసే ప్రశ్న ఒకటుంది: "ఇవాళ ఇంటి దగ్గర్నుంచి ఇక్కడికి ఏ దారిలో వచ్చారు, ఏ బస్సు?" దానికి జవాబు చెప్పాలంటే ఇవాళ్టిలోకి రావలసిందే. ఒక హెచ్చరిక, నా యాక్సిడెంట్ క్లయింట్‌కి ఈ ప్రశ్న వేసుంటే తప్పయ్యేది. ఆవిడకి రోడ్డే ట్రిగ్గర్. కాబట్టి ఏ ఉపాయమైనా ఎవరికి అన్నది చూసుకోవాలి. అలాగే "కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి తీసుకోండి" అనేది అందరికీ మంచిది అనుకోకండి. కళ్ళు మూసుకుంటే కొందరికి అదే కనబడుతుంది. భుజం మీద చెయ్యి వెయ్యడం, ఓదార్పుగా నిమరడం మన అలవాటే, కానీ ఈ గదిలో అడక్కుండా వద్దు.

జ్ఞాపకం విషయంలోనూ ఒక జాగ్రత్త. లక్షణాలు చూసి, "చిన్నప్పుడు మీకేదో జరిగుంటుంది, గుర్తుతెచ్చుకోండి" అని ఎప్పుడూ అనకండి. ఎలిజబెత్ లోఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని జరగని సంగతి చెప్తే, 24 మందిలో దాదాపు నాలుగో వంతు అది కొంతో మొత్తమో గుర్తున్నట్టు చెప్పారు. మనం విత్తనం వేసి, మొలిచాక దాన్ని వాళ్ళ గతం అనకూడదు.

ఇప్పటిదాకా చెప్పింది విని, 'అయితే మేడమ్ ట్రామా గురించి మాట్లాడొద్దంటున్నారు' అనుకుంటే నేను ఓడిపోయినట్టే. ఎందుకంటే నా రెండో తప్పు సరిగ్గా అదే.

ఆ ఫోన్ తర్వాత నేను బాగా భయపడిపోయాను. కొన్నేళ్ళపాటు ఎవర్నీ ఏమీ అడగలేదు. శ్వాస, రిలాక్సేషన్, నిద్ర అలవాట్లు, డైరీ. ఒక యువకుడు ఎనిమిది నెలలు నా దగ్గరికి వచ్చాడు. ప్రతి వారం అవే. ఒక రోజు లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి అడిగాడు. "మేడమ్, వినాలంటే మీకూ భయమేనా?" నాకు జవాబు రాలేదు. ఇంట్లో అమ్మ వినలేదు, స్నేహితులు టాపిక్ మార్చారు, ఫీజు తీసుకుంటున్న నేను కూడా మార్చాను. నా జాగ్రత్త అతనికి ఏమని అర్థమైందంటే, 'ఇది నోటితో చెప్పకూడనంత దారుణం' అని.

తప్పించుకుని తిరగడం పీటీఎస్‌డీని పెంచి పోషిస్తుంది. క్లయింట్‌తో పాటు థెరపిస్టు కూడా తప్పించుకుంటే ఇక ఎప్పటికీ తగ్గదు. బాగా పరీక్షించి నిలబడిన చికిత్సలు ఉన్నాయి, అవన్నీ ఏదో ఒక రకంగా ఆ జ్ఞాపకాన్నీ, దాని అర్థాన్నీ తాకేవే. ఎడ్నా ఫోవా అభివృద్ధి చేసిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఉంది, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు. ప్యాట్రీషియా రెసిక్ చేసిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ 12 సెషన్లు. ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన ఈఎమ్‌డీఆర్ ఉంది. పిల్లలకి టీఎఫ్-సీబీటీ ఉంది. యూట్యూబ్‌లో చూసి ఇవి చెయ్యకండి, నా వీడియో చూసి కూడా చెయ్యకండి. శిక్షణ తీసుకోండి, సూపర్‌విజన్‌లో చెయ్యండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. వివరాలన్నీ చెప్పించకుండా కూడా చికిత్స సాధ్యమే. రెసిక్ బృందమే 2008లో తన థెరపీని విడగొట్టి పరీక్షించింది. సంఘటనని వివరంగా రాయించడం తీసేసి, 'నా వల్లే జరిగింది', 'ఎవర్నీ నమ్మకూడదు' లాంటి ఇరుక్కుపోయిన ఆలోచనల మీద మాత్రమే పనిచేసినా ఫలితం తగ్గలేదు. అంటే క్లయింట్‌కి నిజంగానే రెండు దారులున్నాయి. "వివరంగా చెప్తూ చేసే పద్ధతి ఒకటుంది, వివరాలు చెప్పకుండా చేసేది ఒకటుంది. రెండూ ఎలా ఉంటాయో చెప్తాను, మీరు ఎంచుకోండి" అని ఇప్పుడు నేను చెప్పగలుగుతున్నాను. ఆ రెండో దారి చూపించాక చాలామంది మొదటిదే ఎంచుకుంటారు, అది వేరే సంగతి.

'నా ఖర్మ' అన్న మాట వస్తుంది ఈ దశలో. వెంటనే వాదనకి దిగకండి. కొందరికి అది తన తప్పు కాదనుకోవడానికి ఆసరా, కొందరికి తనకిది తగిన శాస్తి అనే శిక్ష. "ఖర్మ అనుకున్నప్పుడు మనసు కాస్త తేలికవుతుందా, బరువవుతుందా?" అని అడిగితే ఏదో వాళ్ళే చెప్తారు.

ఎంతకాలం సిద్ధం చెయ్యాలి అన్నదాని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, దుఃఖం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లోకి. చిన్నప్పటి నుంచీ హింసలో పెరిగినవాళ్ళకి ఈ మొదటి దశ పొడుగ్గా ఉండాలని చాలాకాలం అందరూ అనుకున్నాం. 2016లో కొందరు పరిశోధకులు, ఇది తప్పనిసరి అనడానికి ఆధారాలు చాలవనీ, దీనివల్ల అసలు చికిత్స అనవసరంగా వాయిదా పడుతోందనీ రాశారు. నా అభిప్రాయం అడిగితే, మూడు నాలుగు సెషన్లలో చాలామంది సిద్ధమవుతారు. ఎనిమిదో సెషన్‌కి కూడా మొదలవ్వలేదంటే ఎవరు సిద్ధంగా లేరో మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. మీరే కావచ్చు.

సెషన్ ముగింపు గురించి చెప్పి ఆపుతాను. చివరి పదిహేను నిమిషాలు కథకి ఇవ్వకండి. ఇంటికెళ్ళి ఏం చేస్తారు, ఎవరుంటారు, రాత్రి భోజనం ఏంటి, ఇవి మాట్లాడండి. సెషన్ అవ్వగానే బండి నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళని నేను బయట పది నిమిషాలు కూర్చోబెట్టి, టీ తాగించి పంపిస్తాను. మర్నాడు ఒక మెసేజ్ పెడతాను, ముందే అడిగి, ఎవరి ఫోన్‌కో నిర్ధారించుకుని, విషయం ఏమీ రాయకుండా. అలాంటి రోజు ఇంకో ట్రామా క్లయింట్‌ని వెంటనే పెట్టుకోకండి. మీకూ కలలు వస్తాయి. కుక్కర్ విజిల్‌కి నాకూ చాలాకాలం ఏదోలా ఉండేది.

ఆ యువకుడి సంగతి అడుగుతారని తెలుసు. తలుపు దగ్గర అడిగాడన్నాను కదా. "అవునండీ, భయపడ్డాను. మీ వల్ల కాదు, ఇంతకుముందు నేను చేసిన ఒక పొరపాటు వల్ల" అని మరుసటి వారం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తలుపు పక్క కుర్చీలోంచి లేచి కిటికీ పక్క కుర్చీలోకి మారి, "అయితే ఈ వారం వద్దు మేడమ్. వచ్చే వారం మొదలుపెడదాం" అన్నాడు. వచ్చే వారం మొదలుపెట్టాం.

వచ్చే ఎపిసోడ్‌లో పిల్లల గురించి. మాటలతో చెప్పలేని వయసులో ఇదంతా ఆటలో ఎలా కనబడుతుందో చూద్దాం. ఉంటాను, నమస్కారం.